మైన్‌క్రాఫ్ట్‌లో క్రికెట్ గ్రౌండ్ కట్టడం ఎలా?

మైన్‌క్రాఫ్ట్ అనే బ్లాకుల వీడియో గేమ్‌లో స్టేడియం కడదామని మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ముందు స్టాండ్స్ మీద పడతారు. గంటల తరబడి కూర్చుని నాలుగు వైపులా మెట్లు లేపాక మధ్యలో మిగిలిన చోటు చూస్తే కబడ్డీ కోర్టుకి ఎక్కువ, క్రికెట్ గ్రౌండ్‌కి తక్కువ అన్నట్టు ఉంటుంది. అప్పుడు స్టాండ్ మొత్తం వెనక్కి జరపాలి. ఈ ఆటలో కట్టినదాన్ని జరపడం కంటే పడగొట్టి మళ్లీ కట్టడమే తేలిక. అందుకే ఇక్కడ పని తిరగేసి చేద్దాం. ముందు మిడిల్ స్టంప్, తర్వాత పిచ్, తర్వాత బౌండరీ తాడు, చివర్లోనే జనం కూర్చునే చోటు. ప్రతి కొలతా మధ్య నుంచి బయటకే పోతుంది.

కొలతల విషయంలో మైన్‌క్రాఫ్ట్ మనకి పెద్ద సాయమే చేసింది. ఆటలో ఒక బ్లాక్ అంటే ఒక మీటరు. కాబట్టి నిజం గ్రౌండ్ కొలతలు మీటర్లలో తెలిస్తే అవే మీ బ్లాకుల లెక్క. సగం సైజులో కడదామనో, డబుల్ సైజులో కడదామనో ఆలోచన వస్తుంది కానీ మొదటిసారికి ఒకటికి ఒకటి కొలతే పెట్టుకోండి. అలా కడితే మీ క్యారెక్టర్ గ్రౌండ్‌లో పరుగెడుతుంటే కొలత సరిపోయినట్టు అనిపిస్తుంది. క్రీజు నుంచి క్రీజుకి 17.68 మీటర్లు. ఆటలో స్ప్రింట్ వేగం సెకనుకి దాదాపు 5.6 బ్లాకులు. అంటే ఒక సింగిల్ తీయడానికి మూడు సెకన్లు దాటుతుంది, నిజం మ్యాచ్‌లో పట్టే టైమ్‌కి దగ్గరగానే.

వరల్డ్ సిద్ధం చేసుకోండి

క్రియేటివ్ మోడ్ (బ్లాకులు ఎన్నైనా దొరికేది), ఫ్లాట్ వరల్డ్ (నేలంతా చదునుగా ఉండేది), డిఫికల్టీ పీస్‌ఫుల్ (శత్రు జీవులు ఉండనిది), చీట్స్ (కమాండ్లు వాడే అనుమతి) ఆన్. ఫోన్‌లో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్‌లో చీట్స్ ఆన్ చేస్తే ఆ వరల్డ్‌లో అచీవ్‌మెంట్లు రావు, దాని గురించి బెంగ పెట్టుకోకండి. పీస్‌ఫుల్ ఎందుకంటే ఫ్లాట్ వరల్డ్‌లో స్లైమ్‌లనే జిగట ముద్దల్లాంటి జీవులు గుంపులు గుంపులుగా పుడతాయి, మీరు తాడు వేస్తుంటే పక్కన చప్పుడు చేస్తూ గెంతుతాయి. అది ఒక్కటే సరిపోదు, గేమ్ సెట్టింగ్స్‌లో జంతువులు పుట్టే ఆప్షన్ కూడా ఆపేయండి. గొర్రె గడ్డి మేస్తే ఆ బ్లాక్ మట్టిగా మారిపోతుంది. కష్టపడి వేసిన అవుట్‌ఫీల్డ్ మీద మచ్చలు మచ్చలుగా మట్టి కనిపిస్తే దానికి కారణం ఆ గొర్రెలే.

తర్వాత కోఆర్డినేట్లు, అంటే మీరు నిలబడ్డ చోటు చెప్పే అంకెలు కనిపించాలి. కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌లో ఎఫ్3 నొక్కితే వస్తాయి, బెడ్‌రాక్‌లో వరల్డ్ సెట్టింగ్స్‌లో ‘షో కోఆర్డినేట్స్’ ఆన్ చేయాలి. ఇప్పుడు ఎక్స్ 0, జెడ్ 0 ఉన్న చోటికి వెళ్లండి. పిచ్ సరిగ్గా నడిమధ్య ఇదే. గ్రౌండ్‌ని ఎక్కడో 1,347 దగ్గర కాకుండా సున్నా దగ్గర కట్టడంలో ఒక లాభం ఉంది. ఒక వైపు 65 అయితే రెండో వైపు -65, అంతే. లెక్క వేయడానికి కాగితం అక్కర్లేదు.

కొత్త ఫ్లాట్ వరల్డ్‌లో గడ్డి బ్లాకులు -61 ఎత్తులో ఉంటాయి. వాటి కింద రెండు వరసల మట్టి, ఆ కింద తవ్వడానికి వీల్లేని బెడ్‌రాక్ రాయి. అంటే తవ్వడానికి లోతు లేదు. డ్రెస్సింగ్ రూమ్ నుంచి సొరంగం లాంటి దారి కావాలనుకుంటే జావాలో వరల్డ్ తయారుచేసేటప్పుడే పొరల సెట్టింగ్ మార్చి మట్టి మందం పెంచుకోవాలి. నాకైతే దాని అవసరం కనిపించలేదు, మన దగ్గర చాలా గ్రౌండ్లలో ఆటగాళ్లు మెట్లు దిగే వస్తారు కదా.

పిచ్ ఎటు వైపు?

ఉత్తరం నుంచి దక్షిణానికి. ఆటలో అది జెడ్ దిశ. మైన్‌క్రాఫ్ట్‌లో సూర్యుడు కచ్చితంగా తూర్పున లేచి నెత్తి మీదుగా పడమటికి పోతాడు, కొంచెం కూడా పక్కకి వాలడు. పిచ్‌ని తూర్పు పడమరలుగా వేస్తే సాయంత్రం ఒక ఎండ్‌లో బ్యాటర్‌కి సూర్యుడు నేరుగా కళ్లలో పడతాడు. ఇది ఆటలో గోలే కదా అనుకోకండి. 2019 జనవరి 23న నేపియర్‌లోని మెక్‌లీన్ పార్క్‌లో భారత్, న్యూజిలాండ్ వన్డే ఇదే కారణంతో ఆగింది. అక్కడ పిచ్ తూర్పు పడమరలుగా ఉంటుంది, దిగిపోతున్న సూర్యుడు బ్యాటర్ కళ్లలో పడుతుంటే అంపైర్లు దాదాపు అరగంట ఆట ఆపేశారు. వాన పడలేదు, వెలుతురు తగ్గలేదు. ఎండ ఎక్కువైంది.

పిచ్, క్రీజు, స్టంప్స్

స్టంప్స్ నుంచి స్టంప్స్‌కి 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. వెడల్పు 3.05 మీటర్లు. మనకి 20, 3. స్టంప్స్ ఒకటి జెడ్ -10 దగ్గర, రెండోది జెడ్ 10 దగ్గర. ఎక్స్ రెండింటికీ 0.

ముందు మ్యాచ్ పిచ్ ఒక్కటే కాకుండా మొత్తం స్క్వేర్, అంటే పిచ్‌లన్నీ పక్కపక్కన ఉండే ముక్క వేయండి. అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో ఎర్రమట్టివి, నల్లమట్టివి కలిపి 11 పిచ్‌లు పక్కపక్కనే ఉన్నాయి. మనకి ఏడు చాలు. ఏడు మూళ్లు 21 కాబట్టి ఎక్స్ -10 నుంచి 10 వరకు, జెడ్ -12 నుంచి 12 వరకు. నడుమ ఉన్న మూడు బ్లాకుల వెడల్పే మ్యాచ్ పిచ్. దానికి ప్యాక్డ్ మడ్ బ్లాక్ బాగుంటుంది. ఎండిపోయి పేసర్లు తలపట్టుకునే వికెట్ కావాలంటే స్మూత్ శాండ్‌స్టోన్, ముంబై వాంఖడే తరహా ఎర్రమట్టి కావాలంటే టెర్రకోట. పక్క పిచ్‌లకి గడ్డి ఉంచేసి అక్కడక్కడా నాలుగైదు కోర్స్ డర్ట్ బ్లాకులు చల్లండి. వాడేసిన వికెట్లలా కనిపిస్తాయి.

పారతో గడ్డిని కొడితే వచ్చే డర్ట్ పాత్ బ్లాక్ చూడ్డానికి పిచ్‌లాగే ఉంటుంది. కానీ దాని మీద గట్టి బ్లాక్ ఏదైనా పెడితే అది మామూలు మట్టిగా మారిపోతుంది. స్టంప్స్ పెట్టే పిచ్‌కి అది పనికిరాదు.

క్రీజు దగ్గర మాత్రం కాస్త ఆగి ఆలోచించాలి. బౌలింగ్ క్రీజు స్టంప్స్ ఉన్న గీత, దానికి 1.22 మీటర్ల ముందు పాపింగ్ క్రీజు. మన కొలతలో ఒక బ్లాక్ ముందు. రెండు గీతలూ తెల్ల బ్లాకులతో వేస్తే రెండూ కలిసిపోయి రెండు మీటర్ల మందం తెల్ల పట్టీ అవుతుంది, క్రీజు కాస్తా జీబ్రా క్రాసింగ్‌లో ఒక ముక్కలా కనిపిస్తుంది. అందుకని బౌలింగ్ క్రీజు వదిలేయండి. స్టంప్స్ ఉన్నాయి కాబట్టి చూసేవాళ్ల కన్ను ఆ గీతని అదే ఊహించుకుంటుంది. పాపింగ్ క్రీజు మాత్రం జెడ్ -9, జెడ్ 9 దగ్గర వేయండి. అది పిచ్ వెడల్పుతో ఆగిపోకూడదు. రూల్ ప్రకారం మిడిల్ స్టంప్ లైన్‌కి రెండు వైపులా కనీసం ఆరేసి అడుగులు గీయాలి కాబట్టి ఎక్స్ -2 నుంచి 2 వరకు ఐదు బ్లాకులు. వైట్ కాంక్రీట్ మరీ కళ్లు జిగేల్‌మనేలా ఉంటే స్మూత్ క్వార్ట్జ్ వాడండి. రిటర్న్ క్రీజు జోలికి వెళ్లొద్దు.

స్టంప్స్ కోసం మూడు కర్రలు వెతుక్కోకండి. వికెట్ మొత్తం వెడల్పు 22.86 సెంటీమీటర్లు. ఆటలో ఫెన్స్ గుంజ వెడల్పు 16లో 4 పిక్సెళ్లు, అంటే పావు మీటరు. ఒక్క బర్చ్ ఫెన్స్ గుంజే మూడు స్టంప్స్‌కి సమానం! ఎత్తు మాత్రం ఎక్కువే. అసలు స్టంప్ 71 సెంటీమీటర్లు, ఇది మీటరు. బౌలర్లకి ఆ మాత్రం సాయం ఉండనివ్వండి.

గడ్డి చారలు

టీవీలో కనిపించే లేత పచ్చ, ముదురు పచ్చ చారలు గ్రౌండ్‌కి అందం. ఇక్కడ చేత్తో పని కాదు, ఒకేసారి బోలెడు బ్లాకులు నింపే ఫిల్ కమాండ్ కావాలి. కమాండ్లు ఆటలో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, నేను పలికే తీరులో రాస్తున్నాను. ఫిల్ తర్వాత ఒక మూల మూడు అంకెలు, ఎదురు మూల మూడు అంకెలు, ఆ తర్వాత బ్లాక్ పేరు.

పిచ్ మీదుగా ఐదు బ్లాకుల వెడల్పు చార గడ్డిగానే ఉంచండి, అంటే ఎక్స్ -2 నుంచి 2. ఆ పక్కన ఎక్స్ 3 నుంచి 7 వరకు మాస్ (నాచు) బ్లాక్. ఇలా:

/ఫిల్ 3 -61 -65 7 -61 65 మాస్_బ్లాక్ రీప్లేస్ గ్రాస్_బ్లాక్

చివర్లో ‘రీప్లేస్ గ్రాస్_బ్లాక్’ అనే మాట మర్చిపోవద్దు. అది ఉంటే గడ్డి మాత్రమే మారుతుంది, మీరు అప్పటికే వేసిన పిచ్, క్రీజు చెక్కుచెదరవు. బెడ్‌రాక్‌లో ఈ కమాండ్ వరస కొద్దిగా తేడాగా ఉండొచ్చు, టైప్ చేస్తుంటే పైన వచ్చే సూచనలు చూసి కొట్టండి. తర్వాత 13 నుంచి 17, 23 నుంచి 27, అలా 53 నుంచి 57 వరకు. ఒక వైపు ఆరు, రెండో వైపు మైనస్ గుర్తుతో ఆరు, మొత్తం 12 కమాండ్లు. స్క్వేర్ మీద చారలు పడకూడదనుకుంటే ఆ 21 బై 25 ముక్కలోని మాస్‌ని మళ్లీ గడ్డి చేసేయండి. నేనైతే అలానే చేస్తాను, స్క్వేర్ విడిగా కనిపిస్తేనే అందం.

ఫిల్ కమాండ్‌కి ఒకసారికి 32,768 బ్లాకుల హద్దు ఉంది. 131 బై 131 చదరం ఒక పొర వేస్తే 17,161, ఇబ్బంది లేదు. రెండు పొరలు ఒకేసారి అంటే 34,322, ఆట ఒప్పుకోదు. ఇంకో చిక్కు, మీకు దూరంగా ఉండి లోడ్ కాని చోట ఫిల్ పనిచేయదు. మధ్యలో నిలబడి కమాండ్ కొట్టండి.

బౌండరీ తాడు

పురుషుల అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో తాడు పిచ్ మధ్య నుంచి 65 గజాలకి తగ్గకూడదు, 90 గజాలకి మించకూడదు. మీటర్లలో 59.43 నుంచి 82.29. మనం 65 మీటర్లు తీసుకుందాం. బెంగళూరు చిన్నస్వామి కంటే బౌలర్లకి కాస్త దయగా, మెల్‌బోర్న్ కంటే బ్యాటర్లకి కాస్త దయగా.

చదరపు బ్లాకులతో గుండ్రటి గీత గీయడం అందరికీ టెన్షన్ పెట్టే పని. జావాలో వరల్డ్‌ఎడిట్ అనే మాడ్ (ఆటకి అదనంగా తగిలించుకునే ప్రోగ్రామ్) ఉంటే హెచ్‌సిల్ కమాండ్ ఒక్క దెబ్బతో వలయం గీసేస్తుంది. రెండు వేర్వేరు వ్యాసార్థాలిస్తే కోడిగుడ్డు ఆకారం కూడా వస్తుంది. ఫోన్‌లో ఆడేవాళ్లకి ఆ సదుపాయం లేదు కాబట్టి 65 వ్యాసార్థానికి లెక్క వేసి ఇస్తున్నాను. తెల్ల కార్పెట్ వాడండి, గడ్డి మీద పలచగా కూర్చుంటుంది.

ఉత్తరం కొసకి వెళ్లండి, జెడ్ -65. అక్కడ ఎక్స్ -8 నుంచి 8 వరకు వరసగా 17 కార్పెట్లు. కుడి కొస దాటాక ఒక గడి లోపలికి, అంటే పిచ్ వైపు జరిగి 5. మళ్లీ ఒక గడి లోపలికి 4. అలాగే ఒక్కో గడి లోపలికి జరుగుతూ వరసగా: 4, 2, 3, 2, 2, 2, 1, 2, 1, 2, 1, 1, 2, 1, 1, 1, 1. చివరి ఒకటి పడేసరికి మీరు ఎక్స్ 46, జెడ్ -46 దగ్గర ఉండాలి. రెండు అంకెలూ సమానమైతే లెక్క కుదిరినట్టే. తేడా వస్తే ఎక్కడో ఒక వరస తప్పింది, అక్కడే ఆగి వెనక్కి వెళ్లి చూసుకోండి.

ఆ 46 మూల బ్లాక్ నుంచి అవే అంకెలు వెనక నుంచి ముందుకి చదువుతూ వెళ్లాలి. మూల బ్లాక్‌ని రెండోసారి లెక్కపెట్టకూడదు. ఇప్పుడు వరసలు అడ్డంగా కాదు, నిలువుగా దక్షిణం వైపు పడతాయి, ఒక్కో వరసకి ఒక గడి బయటకి జరుగుతారు. 1, 1, 1, 2, 1, 1, 2 అంటూ పోయి 5 వేశాక ఎక్స్ 65 దగ్గర మళ్లీ 17 నిలువు వరస వస్తుంది. పావు వంతు అయిపోయింది. మిగతా మూడు పావులూ ఇదే. అంతా అయ్యాక వాడిన కార్పెట్లు 368.

30 గజాల వలయం దీనికంటే సులువు, కానీ ఒక తేడా ఉంది. అది పూర్తి వృత్తం కాదు. ఒక్కో ఎండ్ మిడిల్ స్టంప్ నుంచి 27.43 మీటర్లతో ఒక అర్ధవృత్తం, రెండింటినీ పక్కల తిన్నటి గీతలు కలుపుతాయి. కాబట్టి ఉత్తరం కొస జెడ్ -37 దగ్గర 11 బ్లాకులతో మొదలుపెట్టి, లోపలికి జరుగుతూ 3, 3, 2, 1, 2, 1, 1, 1, ఆ తర్వాత అదే తిరగేసి ఎక్స్ 27 దాకా. అక్కడ నిలువు వరస జెడ్ -10 దాటి 10 వరకు తిన్నగా పోనివ్వండి. ముందు ఏదైనా రంగు ఊలుతో మొత్తం వేసేసి, ప్రతి ఐదో చోట ఒక తెల్ల కార్పెట్ ఉంచి మిగతాది తీసేయండి. నిజం గ్రౌండ్‌లో కూడా అక్కడ గీత ఉండదు, ఐదు గజాలకొకటి చొప్పున తెల్ల బిళ్లలే ఉంటాయి.

పనిలో పనిగా ఇక్కడ ఒక మాట. లార్డ్స్ అంటే ఇష్టమున్న కొందరు ఆ గ్రౌండ్ వాలు కూడా తేవాలని చూస్తారు. అక్కడ ఒక పక్కకీ ఇంకో పక్కకీ ఎత్తులో దాదాపు 2.5 మీటర్ల తేడా ఉంది. మన బ్లాకుల్లో అది మొత్తం గ్రౌండ్ మీద రెండు మెట్లు. వాలులా కనిపించదు, అవుట్‌ఫీల్డ్‌లో గట్టు వేసినట్టు ఉంటుంది. వద్దు.

కంచె, సైట్‌స్క్రీన్

తాడుకీ కంచెకీ మధ్య కనీసం మూడు గజాలు ఉండాలని రూల్. ఫీల్డర్ జారుకుంటూ వెళ్లి గోడకి కొట్టుకోకుండా. మనం ఐదు బ్లాకులు వదులుదాం. కంచెని గుండ్రంగా వేసే పని పెట్టుకోకండి, ఎనిమిది పలకలుగా వేయండి. నాలుగు దిక్కుల్లో 70 దగ్గర తిన్నటి గోడ, ఒక్కోటి -29 నుంచి 29 వరకు 59 బ్లాకులు. మూలల్లో 29, 70 నుంచి 70, 29 వరకు ఐమూలగా, ఒకటి పక్కకి ఒకటి లోపలికి చొప్పున 41 అడుగులు. ఈ అంకెలు ఊరికే వేసినవి కాదు, ఎనిమిది పలకలూ మధ్య నుంచి సమానంగా 70 దూరంలో ఉంటాయి. తాడు గుండ్రంగా ఉండి కంచె పలకలుగా ఉంటే చూడ్డానికి తేడా ఏమీ తెలియదు, పైగా స్టాండ్స్ తిన్నగా కట్టుకోవచ్చు.

బ్యాటర్‌కి బంతి స్పష్టంగా కనిపించడానికి పెట్టే సైట్‌స్క్రీన్లు ఉత్తరం, దక్షిణం కొసల్లో కంచెకి ఆనుకుని, 12 వెడల్పు, 6 ఎత్తు చాలు. ఎర్ర బంతి టెస్ట్ అయితే తెల్ల కాంక్రీట్, తెల్ల బంతి వన్డే లేదా టీ20 అయితే నల్ల కాంక్రీట్. మ్యాచ్ మారినప్పుడల్లా ఒక ఫిల్ కమాండ్‌తో రంగు మార్చేయొచ్చు.

స్టాండ్స్

ఇక్కడిదాకా వచ్చాక ప్రపంచంలోనే పెద్ద స్టేడియం కడదామని చెయ్యి దురద పెడుతుంది. మొదటిసారికి నాలుగు దిక్కుల్లో నాలుగు స్టాండ్స్, మూలల్లో గడ్డి గట్లు. దక్షిణాఫ్రికాలో సెంచూరియన్‌లోనూ, న్యూజిలాండ్‌లో చాలా గ్రౌండ్లలోనూ జనం గడ్డి గట్టు మీద దుప్పటి పరుచుకుని కూర్చుంటారు. మూల పలకల్లో ఐమూలగా మెట్లు కట్టడం మైన్‌క్రాఫ్ట్‌లో విసుగు తెప్పించే పని, గట్టు పెడితే ఆ బాధ తప్పుతుంది. పైగా ఆ గట్ల వెనక ఫ్లడ్‌లైట్ టవర్లకి చోటు దొరుకుతుంది.

స్టాండ్ వాలు చూసుకోండి. స్టెయిర్ బ్లాక్ వెనక స్టెయిర్ బ్లాక్ పెట్టుకుంటూ పోతే 45 డిగ్రీలు వస్తుంది, కింది అంతస్తుకి అది మరీ నిట్టనిలువు. రెండు వెనక్కి, ఒకటి పైకి పెట్టండి. ఒక స్టెయిర్ సీటు, దాని ముందు కాళ్లు పెట్టుకోడానికి ఒక బ్లాక్. కంచె వెనక మూడు బ్లాకుల నడవ వదిలి, మొదటి వరస నేల నుంచి రెండు బ్లాకులు ఎత్తులో మొదలుపెడితే 12 వరసలకి 24 బ్లాకుల లోతు. పైన రెండో అంతస్తు వేస్తే దానికి 45 డిగ్రీలే పెట్టుకోవచ్చు, నిజం స్టేడియాల్లో కూడా పై అంతస్తు నిలువుగానే ఉంటుంది. పై అంతస్తు ముందు రెయిలింగ్‌కి గట్టి బ్లాక్ వాడితే వెనక వరసల వాళ్లకి దగ్గరి తాడు కనిపించదు, గ్లాస్ పేన్ పెట్టండి. ప్రతి అంతస్తు అయ్యాక చివరి వరసలో నిలబడి తాడు కనిపిస్తుందో లేదో చూడటం తప్పనిసరి.

ఒక స్టాండ్ బాగా వచ్చాక దాన్ని మిగతా వైపులకి కాపీ చేయాలి. క్లోన్ కమాండ్ ఉన్నది ఉన్నట్టు కాపీ చేస్తుంది కానీ తిప్పదు. ఉత్తరం స్టాండ్‌ని దక్షిణంలో పెడితే సీట్లన్నీ గ్రౌండ్‌కి వీపు పెడతాయి. దానికి కట్టినదాన్ని సేవ్ చేసి తిప్పి పెట్టగల స్ట్రక్చర్ బ్లాక్ వాడాలి, అది మామూలు మెనూలో దొరకదు, గివ్ కమాండ్‌తో తెచ్చుకోవాలి. జావాలో అది ఒకసారికి 48 బ్లాకుల పొడవుకి మించి సేవ్ చేయదు. మన స్టాండ్ 59. కాబట్టి సగం, అంటే 30 బ్లాకులు సేవ్ చేసి, రెండో సగానికి మిర్రర్ ఆప్షన్ వాడండి. నిజానికి మీరు కట్టాల్సింది ఆ సగం స్టాండ్ ఒక్కటే.

మొత్తం నాలుగూ ఒకేలా ఉంటే షాపింగ్ మాల్‌లా ఉంటుంది. బౌలర్ ఎండ్ వెనకాల ఉన్న ఒక దాన్ని పెవిలియన్‌గా మార్చండి. గ్లాస్ బాల్కనీ, పైన ప్రెస్ బాక్స్, గేటు. దీనికి కొలతలు నేను చెప్పను, మీ ఊరి గ్రౌండ్ పెవిలియన్ ఫోటో ఒకటి పక్కన పెట్టుకుని కట్టుకోండి.

జనం కోసం ఆర్మర్ స్టాండ్లు (కవచం తగిలించే బొమ్మలు) వందల్లో నిలబెట్టొద్దు. అవి బ్లాకులు కాదు, ఎంటిటీలు, అంటే ఆట ఒక్కోదాన్నీ విడిగా నడపాల్సినవి. వంద దాటితే ఫోన్ వేడెక్కి ఆట మొరాయిస్తుంది. సీట్ల మీద అక్కడక్కడా నీలం, పసుపు, నారింజ ఊలు బ్లాకులు చల్లితే గ్రౌండ్ మధ్య నుంచి చూసినప్పుడు జనమే అనుకుంటారు. ఒక స్టాండ్ మొత్తం నారింజ రంగు వేస్తే ఉప్పల్‌లో సన్‌రైజర్స్ మ్యాచే.

ఫ్లడ్‌లైట్లు వెలగవు, వెలిగినట్టు చేయాలి

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 40 బ్లాకుల టవర్ కట్టి, పైన ఐదు పదుల దీపాలు పెట్టి, రాత్రయ్యాక చూస్తే గ్రౌండ్ చీకటి. మైన్‌క్రాఫ్ట్‌లో దీపం ఎంత పెద్దదైనా వెలుగు 15తో మొదలై ఒక్కో బ్లాక్‌కి ఒకటి చొప్పున తగ్గిపోతుంది. పది దీపాలు పక్కపక్కన పెట్టినా అవి కలిసి ఎక్కువ కావు. 40 ఎత్తు నుంచి నేలకి ఒక్క చుక్క వెలుగు కూడా దిగదు.

కాబట్టి టవర్ చూడ్డానికి, వెలుగు వేరే దారిలో. టవర్‌కి నాలుగు మూలల గట్ల వెనక ఐరన్ బార్స్ లేదా ఆండిసైట్ గోడ బ్లాకులతో స్తంభం, పైన 9 బై 7 పలకగా సీ లాంటర్న్‌లు. అంతే. రెడ్‌స్టోన్ ల్యాంపులు, డేలైట్ డిటెక్టర్ పెట్టి చీకటి పడగానే వాటంతటవే వెలిగేలా చేయొచ్చు కానీ ఆ వైరింగ్ ఇంకో రోజు పని. టవర్లే వద్దనుకుంటే దుబాయ్ తరహాలో స్టాండ్ పైకప్పు అంచు చుట్టూ దీపాల వరస వేయండి, అక్కడ దాన్ని ‘రింగ్ ఆఫ్ ఫైర్’ అంటారు.

అసలు వెలుగుకి లైట్ బ్లాక్ అనే కంటికి కనిపించని బ్లాక్ ఒకటుంది. దీన్ని కూడా గివ్ కమాండ్‌తోనే తెచ్చుకోవాలి. చేతిలో పట్టుకున్నప్పుడు మాత్రమే కనిపిస్తుంది, దాని లోంచి నడిచిపోవచ్చు. గడ్డి మీద ప్రతి ఎనిమిది బ్లాకులకి ఒకటి, అడ్డంగా నిలువుగా గళ్లలా పెట్టండి. నాలుగింటి మధ్య అతి చీకటి చోట కూడా 7 వెలుగు ఉంటుంది. తాడు లోపల దాదాపు 200 పడతాయి. డే నైట్ మ్యాచ్ అంత వెలుగు కావాలంటే ఆరు బ్లాకులకి ఒకటి, అప్పుడు 370 దాకా. ఒక వరస చేత్తో పెట్టి మిగతావి క్లోన్ చేసుకోండి, లైట్ బ్లాకులకి ముందూ వెనకా ఉండదు కాబట్టి ఇక్కడ క్లోన్ హాయిగా పనిచేస్తుంది.

ఒక్కో దశ అయ్యాక వరల్డ్‌కి కాపీ తీసి పెట్టుకోండి. పిచ్ అయ్యాక ఒకటి, తాడు అయ్యాక ఒకటి, మొదటి స్టాండ్ అయ్యాక ఒకటి. మామూలు మైన్‌క్రాఫ్ట్‌లో అన్‌డూ లేదు. ఫిల్ కమాండ్‌లో ఒక మైనస్ గుర్తు మర్చిపోతే ఉత్తరం స్టాండ్ మొత్తం గడ్డి అవుతుంది.

గ్రౌండ్ అంతా ఒకేసారి కనిపించాలంటే రెండర్ డిస్టెన్స్, అంటే ఆట ఎంత దూరం దాకా చూపించాలో చెప్పే సెట్టింగ్ చూసుకోవాలి. ఒక చంక్ అంటే 16 బ్లాకులు. స్టాండ్స్‌తో కలిపి ఈ గ్రౌండ్ ఈ కొస నుంచి ఆ కొసకి దాదాపు 200 ఉంటుంది, కాబట్టి చివరి వరసలో కూర్చుని ఎదుటి స్టాండ్ చూడాలంటే 14 చంక్‌లు కావాలి. పాత ఫోన్‌లో అంత పెడితే ఆట నత్తనడకే. అప్పుడు పిచ్ మధ్య నుంచి చూడండి, 8 సరిపోతుంది.

బౌలింగ్ వేసి చూడండి

క్రికెట్ ఆడటానికి మైన్‌క్రాఫ్ట్‌లో బ్యాట్ లేదు, బంతి ఎగరదు. అయినా బౌలింగ్ వేయొచ్చు. ఒక ఎండ్‌లో ఫెన్స్ గుంజ తీసి దాని చోట టార్గెట్ బ్లాక్ పెట్టండి. దాని వెనకే ఆనుకుని ఒక రెడ్‌స్టోన్ ల్యాంప్. ఇప్పుడు అవతలి పాపింగ్ క్రీజు వెనక నిలబడి స్నోబాల్ విసరండి. టార్గెట్‌కి తగిలితే ల్యాంప్ ఒక్క క్షణం వెలిగి ఆరిపోతుంది, ఇప్పటి మ్యాచ్‌ల్లో ఎల్‌ఈడీ బెయిల్స్ వెలిగినట్టు. నేరుగా ముందుకి చూసి విసిరితే స్నోబాల్ మధ్యలోనే నేలకి తగిలి పగిలిపోతుంది, టప్పా పడి లేవదు. కాబట్టి చూపు కాస్త పైకి ఎత్తి ఫుల్ టాస్ వేయాలి. ఇద్దరు ఆడుతుంటే రెండోవాళ్లు షీల్డ్ పట్టుకుని టార్గెట్ ముందు నిలబడొచ్చు, స్నోబాల్ షీల్డ్‌కి తగిలితే ఆగిపోతుంది. ఆరు స్నోబాల్స్‌కి ఒక ఓవర్ అని లెక్కపెట్టుకుని ఎండ్ మార్చుకోండి, కానీ రెండో ఎండ్‌లో కూడా టార్గెట్ బ్లాక్ పెట్టడం మర్చిపోకండి.